బియ్యం ఎన్నిసార్లు కడగాలి? ఏ బియ్యాన్ని ఎట్లా కడగాలి?

నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా బియ్యం కడగడానికి పెద్దవాళ్లు చెప్పే కొలత ఒకటే: నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూసిన కోడళ్లు దీనికి అడ్డం వస్తున్నారు. "అన్నిసార్లు కడిగితే విటమిన్లన్నీ పోతయంట అత్తమ్మా" అని ఒకరంటే, "కడగకుంటే దుమ్ము దినమంటవా బిడ్డా?" అని రెండోవారు అంటారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. ఎవరిది ఎంత సరైనదో తేలాలంటే మాత్రం ముందు డబ్బాలో ఉన్నది ఏ బియ్యమో చూడాలి, ఆ తర్వాత అన్నం వారుస్తున్నారా, అత్తెసరు (గంజి వంపకుండా, కొలిచిన నీళ్లలోనే వండటం) పెడుతున్నారా అన్నది చూడాలి.

నా లెక్క ముందే చెప్పేస్తాను. మామూలు పాలిష్ బియ్యాన్ని రెండుసార్లు, గట్టిగా పిసకకుండా కడిగితే చాలు. కడుగులో పోషకాలు పోయే మాట నిజమే గానీ, అంతకంటే పెద్ద నష్టం రెండు చోట్ల జరుగుతోంది. ఒకటి మిల్లులో, రెండోది గంజి వంపే దగ్గర. మిల్లు మన చేతిలో లేదు. గంజి మన చేతిలోనే ఉంది.

కడిగితే పోయేది ఎంత?

వడ్లను పట్టించి పొట్టు మాత్రమే తీసిన ముడి బియ్యంలో 100 గ్రాములకు బీ1 విటమిన్ దాదాపు 0.27 మిల్లీగ్రాములు ఉంటుంది. తవుడు పోయేదాకా తెల్లగా పాలిష్ పట్టిస్తే మిగిలేది దాదాపు 0.05. అంటే బియ్యం మన గంజులో (వంట గిన్నెలో) పడకముందే ఐదింట నాలుగు వంతులు తవుడుతో పాటు పోయాయి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుక కూడా ఈ గొడవతోనే ముడిపడి ఉంది. బీ1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు మీద విచారణ కోసం 1918లో కూనూరులో ఒక చిన్న విభాగంగా మొదలైన సంస్థే అది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది.

ఇక కడుగు సంగతి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1993లో ఒకచోట చేర్చిన లెక్కల ప్రకారం, పాలిష్ పట్టిన పచ్చి బియ్యాన్ని కడిగినప్పుడు బీ1లో 22 నుంచి 59 శాతం దాకా, ఇనుములో 18 నుంచి 47 శాతం దాకా నీళ్లలో కలుస్తాయి. మాంసకృత్తులు పోయేది 2 నుంచి 7 శాతమే. అంకెల మధ్య ఇంత తేడా ఎందుకంటే, కడిగే చేయిని బట్టి నష్టం మారుతుంది. ఒకరు రెండు నీళ్లు పోసి వంపేస్తారు, ఇంకొకరు పప్పు రుబ్బినట్టు అరచేత్తో రాస్తారు.

శాతాల్లో చూస్తే గుండె జారుతుంది. మిల్లీగ్రాముల్లో చూడండి. రోజుకు 300 గ్రాముల పాలిష్ బియ్యం తినే మనిషికి వాటి నుంచి వచ్చే బీ1 మొత్తం 0.15 మిల్లీగ్రాములు. అందులో సగం కడుగులో పోయిందనుకున్నా పోయింది 0.07. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1.4 చుట్టూ. 50 గ్రాముల కందిపప్పులో, వండకముందు లెక్కన, 0.2కు పైనే ఉంటుంది. 100 గ్రాముల జొన్నపిండిలో 0.35 దాకా ఉంటుంది. బీ1 కోసం టెన్షన్ పడేవాళ్లు కడుగు మానేయడం కంటే రాత్రికి రెండు జొన్నరొట్టెలు చేసుకోవడం నయం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం రాకముందు పాలమూరు పల్లెల్లో చాలా ఇళ్లకు జొన్నే ముఖ్యమైన తిండి. అన్నం రోజూ దొరికేది కాదు.

మరి "కడగొద్దు" అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు అమెరికా నుంచి. అక్కడ పాలిష్ బియ్యానికి విటమిన్ల పొడిని పైపూతగా పట్టించే పద్ధతి ఉంది. ఆ బియ్యం కడిగితే పూత నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి, కడగవద్దని సంచి మీదే రాస్తుంటారు. అక్కడి సలహా అక్కడి బియ్యానికి సరిపోయింది. మిర్యాలగూడ మిల్లు నుంచి వచ్చిన సన్న బియ్యానికి అది అతకదు.

మొదట డబ్బా మూత తీసి చూడండి

మన దక్షిణ తెలంగాణ ఇళ్లలో, మిల్లుల్లో కనిపించే బియ్యం ముఖ్యంగా నాలుగు రకాలు. కడిగే తీరు నాలుగింటికీ ఒకటి కాదు.

ప్యాకెట్‌లో వచ్చే సార్టెక్స్ సన్న బియ్యం, అంటే సాంబ మసూరి, తెలంగాణ సోన, హెచ్‌ఎంటీ లాంటివి, మిల్లులోనే రాయి తీసి, రంగు మారిన గింజలు ఏరి వస్తాయి. వీటిలో ఉండేది పిండి దుమ్ము మాత్రమే. రెండు నీళ్లు చాలు. మొదటి నీళ్లు పాలలాగా తెల్లగా వస్తే మురికి అనుకోకండి. గింజలు ఒకదానికొకటి ఒరుసుకుని రాలిన బియ్యప్పిండి అది. మూడో నీళ్లు కూడా కొంచెం తెల్లగానే ఉంటాయి, నాలుగోవీ అంతే. తేట నీళ్లే కావాలని పట్టుబడితే ఆరేడు సార్లు కడగాల్సి వస్తుంది. అత్తమ్మ కొలతలో తప్పు ఇక్కడే ఉంది.

సొంత పొలం వడ్లు ఊళ్లో చిన్న గిర్నీలో పట్టించుకుంటే సంగతి వేరు. అందులో తవుడు ఉంటుంది, ఊక ఉంటుంది, వడ్లగింజ ఉంటుంది, కల్లంలో కలిసిన ఇసుక, మట్టిగడ్డలు ఉంటాయి. ఇక్కడ అత్తమ్మే కరెక్ట్. చాటలో చెరిగి, ఏరి, గాలించి, మూడు నీళ్లు పోయాలి. ఒక్కసారే పాలిష్ పట్టిన బియ్యం, దంపుడు బియ్యం కూడా ఇట్లాగే వస్తుంటాయి. వీటికి ఒక వెసులుబాటు ఉంది: తవుడు పొర గింజను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కడుగులో బీ1 నష్టం తక్కువ. పైన చెప్పిన లెక్కల్లోనే ముడి బియ్యానికి అది 1 నుంచి 21 శాతం. ధైర్యంగా కడగవచ్చు.

ఉప్పుడు బియ్యం మనం పెద్దగా తినం గానీ, మన మిల్లుల్లో బాగా తయారవుతుంది. యాసంగి వడ్లు ఎండలకు నూకవుతాయి కాబట్టి వాటిని ఉడకబెట్టి, ఆరబెట్టి పట్టిస్తారు. ఉడికేటప్పుడు తవుడులోని విటమిన్లు గింజ లోపలికి దిగుతాయి. అందుకే పాలిష్ పట్టిన తర్వాత కూడా ఇందులో బీ1 పచ్చి బియ్యం కంటే మూడింతలు ఉంటుంది, కడిగినా 7 నుంచి 15 శాతమే పోతుంది. పోషకాల కోసమే ఒక రకం ఎంచుకోవాలంటే నేను దీన్నే చెప్తాను. నాలుకకు అలవాటు కావడం కష్టమే, ఒప్పుకుంటాను.

నాలుగోది కంట్రోల్ బియ్యం, అంటే రేషన్ బియ్యం. 2025 ఉగాది రోజు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు. అంతకుముందు ఇచ్చే దొడ్డు బియ్యాన్ని అమ్ముకున్న ఇళ్లు కూడా ఇప్పుడు ఈ సన్న బియ్యాన్ని వండుకుంటున్నాయి. రేషన్ బియ్యంలో బలవర్థక గింజలు కలిపే పథకాన్ని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. కలిపే తీరు ఇది: బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి, యంత్రంలో మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో వత్తుతారు. ఆ గింజలు మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున ఉంటాయి.

మీకు వచ్చిన బియ్యంలో ఇవి ఉన్నాయో లేవో తెలియాలంటే, బియ్యాన్ని అరచేతిలో పోసుకుని వెలుతురులో చూడండి. మామూలు గింజ అద్దంలా కాస్త మెరుస్తుంది, అంచులు పదునుగా ఉంటాయి. బలవర్థక గింజ సుద్దలాగా మందంగా, కొంచెం పసుపు ఛాయలో ఉంటుంది. నీళ్లు పోస్తే కొన్ని పైకి తేలవచ్చు కూడా. ఇదే చూసి "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేస్తున్నారు. పారేసినది ప్లాస్టిక్ కాదు, ఆ బియ్యంలో ఉన్న ఇనుములో ఎక్కువ భాగం అందులోనే ఉంది. నిబంధన ప్రకారం కిలో బలవర్థక బియ్యంలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు ఉండాలి. నెలకు 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు, దాని నుంచి వచ్చే ఇనుము 5.6 నుంచి 8.5 మిల్లీగ్రాములు. అదే 200 గ్రాముల మామూలు పాలిష్ బియ్యంలో 1.3 చుట్టూ ఉంటుంది. రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉన్నచోట ఈ తేడా చిన్నది కాదు.

ఈ గింజల్లో పోషకం పైపూత కాదు, లోపల పిండిలో కలిసి ఉంటుంది. కాబట్టి రెండుసార్లు తేలిగ్గా కడిగితే పెద్దగా పోదు. కానీ గంటలకొద్దీ నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే, గట్టిగా పిసికితే, గింజ అంచులు మెత్తబడి కరగడం మొదలవుతుంది. గింజలు తేలితే నీళ్లు వంపేటప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టండి.

కడిగే పని, వరుసగా

ముందు పొడిగా చూడటం. పళ్లెంలోనో చాటలోనో పరచి పురుగు, గూడు, రాయి చూడాలి. ముక్కపురుగు ఉంటే ఎండలో కాకుండా నీడలో, గాలి తగిలేచోట పలచగా ఆరబోయండి. పురుగు తనంతట తాను పాకిపోతుంది. ఎండలో పోస్తే గింజ పగిలి నూకవుతుంది.

బియ్యానికి బోరిక్ పౌడర్ కలిపి నిల్వ పెట్టే అలవాటు మన దగ్గర చాలా ఇళ్లలో ఉంది. అది తినే వస్తువు కాదు. అట్లాంటి బియ్యానికి ఈ వ్యాసంలో చెప్పిన రెండు నీళ్ల లెక్క వర్తించదు. నాలుగైదు సార్లు బాగా కడగాలి, విటమిన్ల సంగతి మరిచిపోవాలి, ఆ నీళ్లు గేదెకు కూడా పెట్టకూడదు. వచ్చే ఏడాది నిల్వకు బోరిక్ మానేసి ఎండిన వేపాకు వేసుకోండి, లేదా బియ్యానికి కొద్దిగా ఆముదం పట్టించండి.

తర్వాత మొదటి నీళ్లు. బియ్యం మునిగి పైన నాలుగు వేళ్లు నిలిచేలా ఒక్కసారిగా పోసి, వేళ్లు విడదీసి రెండు మూడు సార్లు తిప్పండి. పొట్టు, ఊక, పురుగు తల పైకి వస్తాయి. అవి మళ్లీ కిందికి దిగకముందే వంపేయాలి. ఈ మొదటి నీళ్లను గింజలతో ఎక్కువసేపు ఉంచడంలో లాభం లేదు.

రాయి ఉన్న బియ్యమైతే ఇక్కడ గాలించాలి. రెండు గంజులు కావాలి. బియ్యం ఉన్న గంజులో నీళ్లు నిండుగా పోసి, ఒక చేత్తో అంచు పట్టి పక్కలకు ఊపుతూ, ఊపుకొక గుప్పెడు చొప్పున నీళ్లతో సహా బియ్యాన్ని రెండో గంజులోకి జారనివ్వాలి. రాయి బరువు కాబట్టి అడుగునే ఆగుతుంది. చివరికి మిగిలిన పిడికెడు బియ్యాన్ని తొందరపడి వంపొద్దు. గంజును కొంచెం వంచి అటూ ఇటూ తిప్పితే ఇసుక నల్లగా ఒక గీతలాగా విడిపోయి కనిపిస్తుంది, అడుగున గరగర చప్పుడు వినిపిస్తుంది. ఆ గీత దగ్గర ఆగిపోవాలి. నాలుగు గింజలు పోయినా పర్లేదు, పన్ను విరగడం కంటే నయమే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ ఊపు కుదరడానికి కొన్నాళ్లు పడుతుంది. ప్యాకెట్ బియ్యం వచ్చాక ఈ విద్య ఇళ్లలోంచి దాదాపు పోయింది.

రెండో నీళ్లు పోసి, పిసకకుండా కలిపి వంపండి. అక్కడితో ఆపేయండి.

నానబెట్టాలనుకుంటే ఈ కడుగుళ్లు అయిన తర్వాత, కొలిచి పోసిన ఎసరు నీళ్లలోనే నానబెట్టి, అవే నీళ్లతో వండండి. నీళ్లలోకి దిగినది మళ్లీ అన్నంలోకే వస్తుంది. దంపుడు బియ్యానికి అరగంట నుంచి గంట నాననివ్వాలి. సన్న బియ్యానికి పావుగంట చాలు, మానేసినా నష్టం లేదు.

ఏ నీళ్లు పోస్తున్నారు?

నల్లగొండ మనిషి బియ్యం గురించి రాస్తూ ఫ్లోరైడ్ మాట ఎత్తకుండా ఉండలేడు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్ల గతి అందరికీ తెలుసు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో రూపొందించినప్పుడు దానికి మన జిల్లా పేరే పెట్టారు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించడానికి కూడా నేపథ్యం ఇదే.

తాగడానికి భగీరథ నీళ్లో, ఫిల్టర్ నీళ్లో పట్టుకుంటూ, వంటకు మాత్రం బోరు నీళ్లే వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. "మరిగిస్తం కదా, పోతది" అంటారు. పోదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఫ్లోరైడ్ గంజులోనే మిగులుతుంది. అరకిలో బియ్యానికి లీటరుంపావు ఎసరు పోశారనుకుందాం. ఆ బోరు నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే, అత్తెసరు అన్నంలోకి 3.75 మిల్లీగ్రాములు చేరినట్టే. విటమిన్ కొంచెం పోయిందా లేదా అన్నది దీని ముందు చిన్న విషయం.

మంచినీళ్లు సరిపడా లేకపోతే ఇట్లా చేయండి: మొదటి కడుగుకు బోరు నీళ్లు వాడుకోండి, రెండో కడుగుకు, ఎసరుకు మాత్రం మంచినీళ్లే పోయండి. కడుగులో గింజలు పట్టుకునే నీళ్లు తక్కువ, అన్నం పీల్చుకునేది ఎసరునే. పప్పుకూ, చారుకూ ఇదే లెక్క.

వార్చడమా, అత్తెసరా

కడుగులో పోషకాలను కాపాడి, గంజి మోరీలో పారబోస్తే చేసిందంతా వృథా. ఎక్కువ నీళ్లలో ఉడికించి వారిస్తే పచ్చి బియ్యపు బీ1లో సగం దాకా గంజిలోకి పోతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన పరిశోధనలో, పోషకాలు కలిపిన బియ్యాన్ని ఎక్కువ నీళ్లలో వండి వారిస్తే ఇనుము, ఫోలేట్, నియాసిన్, బీ1 50 నుంచి 70 శాతం తగ్గాయి. కంట్రోల్ బియ్యం వండేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

అత్తెసరుకు పాత సన్న బియ్యమైతే గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు, కొత్త బియ్యమైతే రెండు. కుక్కర్‌లో ఇంకాస్త తగ్గించుకోవచ్చు. పెద్ద మంట మీద పొంగు రానిచ్చి, మంట పూర్తిగా తగ్గించి మూత పెట్టి పన్నెండు, పదిహేను నిమిషాలు ఉంచండి. దించాక ఇంకో పది నిమిషాలు మూత తీయకండి. కొత్త బియ్యం ముద్దవుతుందనే చాలామంది వారుస్తారు. నీళ్లు తగ్గించి, కలపకుండా వదిలేస్తే అది కూడా పొడిపొడిగానే వస్తుంది.

వార్చిన అన్నమే కావాలంటే వార్చుకోండి, గంజిని మాత్రం పారబోయకండి. ఉప్పు, మజ్జిగ కలిపి తాగొచ్చు, పప్పులోకి పోయొచ్చు. రెండో కడుగు నీళ్లు పులుసులోకి బాగుంటాయి, చిక్కదనం వస్తుంది. మొదటి కడుగు కుడితి గోలెంలోకి. బర్రె లేని ఇళ్లలో కరివేపాకు చెట్టుకు పోసుకోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు అడిగే మాట

బాగా కడిగితే పిండి పోయి షుగర్ పెరగదని కొందరు ఏడెనిమిది నీళ్లు కడుగుతున్నారు. కడుగులో పోయేది మొత్తం బరువులో 1 నుంచి 3 శాతం, అదీ పైపైన అంటిన పిండి. గింజ లోపలున్న పిండి పదార్థం చెక్కు చెదరదు. గంజి వంపిన అన్నం కూడా షుగర్ లేని అన్నం అయిపోదు. వాళ్లు మార్చాల్సింది కంచంలో అన్నం కొలత. లేదంటే తెలంగాణ సోన లాంటి రకం చూసుకోవాలి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ఈ ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకానికి, రక్తంలో చక్కెరను కాస్త నిదానంగా పెంచుతుందన్న పేరుంది. అది కూడా కొలత దాటి తింటే లాభం లేదు.

ఒక మాట నూకల గురించి. పసిపిల్లల జావకు, ఉప్మాకు వాడే నూకల్లో విరిగిన ముఖాలు ఎక్కువ, కాబట్టి నీళ్లలోకి కారేది కూడా ఎక్కువే. వాటిని పొడిగా జల్లెడ పట్టి పిండి దులిపి, సన్న కన్నాల జాలీలో వేసి ఒక్కసారి నీళ్లు పోసి తీసేయండి. గిర్నీ నూకల్లో ఇసుక ఉంటే మాత్రం జావకు వాడకండి. నూకలను గాలించడం చెయ్యి తిరిగినవాళ్లకు కూడా కుదరదు, ఇసుక, నూక కలిసే జారిపోతాయి.